పోర్ట్ గాయం (లాప్రోస్కోపీ గొట్టం దూర్చిన చోటు) చీము కారతానే ఉంటుంది, కల్చర్‌లో (చీములోని క్రిముల్ని పెంచి చూసే పరీక్షలో) మాత్రం ఏమీ పెరగదు. ఎందుకు?

లాప్రోస్కోపీ అయిన నెలకి బొడ్డు దగ్గర కుట్టు మళ్లీ తెరుచుకుని చీము కారతా ఉంటుంది, మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగదు, రిపోర్టేమో 'నో గ్రోత్'. తిరుపతిలో ఈ శాంపిల్స్ చూసీ చూసీ చెప్తా ఉండా, అనుమానించాల్సింది ర్యాపిడ్ గ్రోయర్లని, అంటే టీబీ క్రిమి కుటుంబంలోనే త్వరగా పెరిగే మైకోబాక్టీరియాల్ని; ముందు చూడాల్సింది ఒక్కటే. క్రిములు పెంచే బ్లడ్ అగార్ ప్లేట్‌ని 48 గంటలకే పారేశారా? ర్యాపిడ్ గ్రోయర్ అంటే సబ్‌కల్చర్‌లో (పెరిగినదాన్ని మళ్లీ నాటితే) వారంలోపు కాలనీ, అంటే కంటికి కనిపించే క్రిముల గుంపు, వస్తుందని, రేపు పొద్దున్నే వస్తుందని కాదు సామీ. చీములోంచి మొదటిసారి రావడానికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. కాలనీ వచ్చినా గ్రామ్ స్టెయిన్‌లో డిఫ్తెరాయిడ్‌లా (చర్మం మీద మామూలుగా ఉండే క్రిమిలా) కనిపిస్తే కంటామినేషన్ అని కొట్టేస్తారు, మైకోబాక్టీరియాల్ని పట్టే జీల్-నీల్సన్ రంగు వేసి చూడరు.

ఇవన్నీ చేసినా రాలేదా? అయితే వేడి చూడండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మైకోబాక్టీరియం చెలోనీకి 28 నుంచి 30 డిగ్రీలు కావాలి, 37లో సరిగ్గా పెరగదు, అందుకే కల్చర్ రెండో సెట్ ఇంక్యుబేటర్ బయట పెట్టమంటారు, నేనూ 'రూం టెంపరేచర్' అని రాసి ర్యాక్‌లో పెట్టించినా. అది మే నెల, ఆ గదికి ఏసీ లేదు. పది రోజులైనా ఎల్‌జే స్లోప్ (మైకోబాక్టీరియాల్ని పెంచే మీడియం) నున్నగా అట్లే ఉంది. విసుగొచ్చి ర్యాక్‌లో థర్మామీటర్ పెడితే 38! ఇంక్యుబేటర్ కంటే బయటే వేడి ఎక్కువ. అదే శాంపిల్‌ని మళ్లీ ఫంగస్ కల్చర్లు పెట్టే బీఓడీ ఇంక్యుబేటర్లో 30కి పెడితే ఆరో రోజు ఆవగింజలో సగం ఉండే కాలనీలు కనిపించినాయి. మన ఊళ్లో జనవరిలో నడిచే రూం టెంపరేచర్ మేలో నడవదు.

డీకలరైజర్ (స్లైడ్ మీద రంగు కడిగే ద్రావణం) ఘాటెక్కి స్మియర్‌లో రంగు పోవడం, కుళాయి నీళ్లలోని బగ్ స్లైడ్ మీదికి రావడం లాంటివి ఉన్నాయి గానీ అరుదు, వాటి వెంట పడొద్దు. స్వాబ్ బదులు టిష్యూ ముక్క అడగండి, చాలు.

కాలనీ వచ్చినాక ఎంపీటీ64 కార్డ్ (టీబీ క్రిమి ప్రోటీన్ పట్టే పరీక్ష) నెగటివ్ వస్తే టీబీ కాంప్లెక్స్ (టీబీ తెచ్చే క్రిముల గుంపు) కాకపోవచ్చని లెక్క. నైట్రేట్ పరీక్ష పాజిటివ్ అయితే ఫార్చుయిటమ్ అనే ర్యాపిడ్ గ్రోయర్ వైపు, నెగటివ్ అయితే చెలోనీనో అబ్సెసస్సో. చెలోనీ, అబ్సెసస్ రెండింటికీ 16ఎస్ జీన్ సీక్వెన్స్ దాదాపు ఒకటే, ఆర్‌పీఓబీ జీన్ సీక్వెన్స్ చేయించాలి. అబ్సెసస్ అని తేలితే క్లారిత్రోమైసిన్‌ని మూడో రోజు చూసి సెన్సిటివ్ అని సర్జన్‌కి ఫోన్ కొట్టేయొద్దు, ఈఆర్‌ఎం41 అనే, మందుకి లొంగకుండా చేసే జీన్ మందు తగిలినాకే మెల్లగా నిద్రలేస్తుంది, 14వ రోజు మళ్లీ చూడండి.