నెఫ్ట్, ఆర్టీజీఎస్ చెల్లింపులు – 4వ పాఠం: ఖాతా నంబరు గడి

నెఫ్ట్, ఆర్టీజీఎస్ అనేవి ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు డబ్బు పంపే పద్ధతులు. గత పాఠంలో చూసిన ఐఎఫ్ఎస్‌సీ కోడు, అంటే బ్యాంకు శాఖను గుర్తించే కోడు, చెల్లింపు సందేశాన్ని బ్యాంకు దాకా చేరుస్తుంది. అక్కడి నుంచి డబ్బు ఎవరి ఖాతాలో జమ కావాలో తేల్చేది ఖాతా నంబరు ఒక్కటే.

పేరు కూడా రాస్తున్నాం కనుక, తేడా ఉంటే బ్యాంకువాళ్లే ఆపుతారని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం ప్రమాదకరం. 2010 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వచ్చిన సొమ్మును గ్రహీత బ్యాంకు ఖాతా నంబరు ఆధారంగానే జమ చేయవచ్చు. నంబరు సరిగా ఇచ్చే బాధ్యత పంపేవారిది. తప్పుగా రాసిన నంబరుతో ఆ బ్యాంకులో ఖాతాయే లేకపోతే నెఫ్ట్ సొమ్ము తిరిగి వస్తుంది. అదే నంబరు మరొకరి ఖాతాదైతే సొమ్ము వారికి జమ అయిపోతుంది, దాన్ని తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం.

మన దేశంలో ఈ నంబరుకు ఒకే పొడవు లేదు. స్టేట్ బ్యాంకులో 11 అంకెలు, ఐసీఐసీఐలో 12, పంజాబ్ నేషనల్ బ్యాంకులో 16 ఉంటాయి. అందువల్ల అంకెలు లెక్కపెట్టేటప్పుడు ఏ బ్యాంకుదో ముందు చూసుకోవాలి.

ఇక జీతాల జాబితా ఎక్సెల్‌లో తయారుచేసేవారు తప్పక గమనించవలసిన విషయం ఒకటుంది. ఖాళీ గడిలో 1234567890123456 అని కొట్టి ఎంటర్ నొక్కండి. తెరపై 1.23457E+15 అని కనిపిస్తుంది; పైనున్న ఫార్ములా పట్టీలో చూస్తే చివరి 6 పోయి సున్నా వచ్చి ఉంటుంది. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. అలాగే 001234567890 అని కొడితే ముందున్న రెండు సున్నాలూ మాయమవుతాయి. కాబట్టి నంబర్లు ఎక్కించకముందే ఆ నిలువు వరుసను ‘టెక్స్ట్’గా మార్చాలి, తరువాత మార్చినా పోయిన అంకె తిరిగి రాదు. సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా అక్షరాల ఫైలుగా) భద్రపరిచిన ఫైలును మళ్లీ ఎక్సెల్‌లోనే తెరిచి సేవ్ చేస్తే ఇదే నష్టం జరుగుతుంది కనుక, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసుకోవడం మేలు.

2025 ఏప్రిల్ 1 నాటికి నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకు గ్రహీత పేరు చూసుకునే సదుపాయం కల్పించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. కొత్త గ్రహీతను చేర్చేటప్పుడు దాన్ని వాడండి. అయినా నంబరును పాస్‌బుక్కు లేదా రద్దుచేసిన చెక్కు నుంచే తీసుకోండి, వాట్సాప్‌లో ఎవరో టైపు చేసి పంపినదాని నుంచి కాదు.

అభ్యాసం: మీ పాత జాబితాలో ఖాతా నంబరు వరుస పక్కన, గడిలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కించే ‘లెన్’ (LEN) సూత్రం పెట్టి, ఒకే బ్యాంకు నంబర్లలో పొడవు తేడా ఉన్నవాటిని పాస్‌బుక్కుతో సరిచూడండి. ‘లెన్’ పొడవును మాత్రమే చెబుతుంది కాబట్టి, 16 అంకెల నంబర్లలో సున్నాతో ముగిసేవాటిని విడిగా పరిశీలించండి.