న్యూ సౌత్ వేల్స్‌లో చిన్న కొండచిలువను పెంచుకోవాలంటే: లైసెన్స్ దరఖాస్తు విధానం

సిడ్నీలో ఉంటున్న మనవాళ్ల పిల్లలు బడిలో పామును చేత్తో తాకి వచ్చి, మనమూ ఒకటి తెచ్చుకుందామని పట్టుబడుతుంటారు. తెచ్చుకోవచ్చు. అయితే ముందు లైసెన్స్, ఆ తర్వాతే పాము. ఈ వరస తప్పితే జరిమానా పడటమే కాదు, అధికారులు ఆ జీవినీ పట్టుకెళ్లిపోవచ్చు.

సిడ్నీ ఉన్న ఈ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో లైసెన్స్ ఇచ్చేది నేషనల్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్. సరీసృపాలకు ఆర్1, ఆర్2 అని రెండు తరగతులున్నాయి. కొత్తవాళ్లు ఆర్1 కే పెట్టుకోవాలి, ఆర్2 కి అనుభవం కావాలి. చిన్న కొండచిలువలైన చిల్డ్రన్స్, స్టిమ్సన్స్, స్పాటెడ్ పైథాన్‌లు ఆర్1 లోనివే. మూడింటికీ విషం లేదు. చిల్డ్రన్స్ పైథాన్ మీటరుకు అటూ ఇటూగా పెరుగుతుంది. పేరు చూసి పిల్లల పాము అనుకోకండి. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జాన్ జార్జ్ చిల్డ్రన్ మీద 1842లో పెట్టిన పేరది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. మీ వివరాలు, పామును ఉంచే చిరునామా, తరగతి నింపి ఫీజు కట్టాలి. ఫీజు మారుతుంటుంది కాబట్టి ఆ రోజు సైట్‌లో ఉన్నదే చూసుకోండి. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి ముందే తీసుకోవడం మంచిది.

లైసెన్స్ కోసం చూసే రోజుల్లో పెట్టె సిద్ధం చేయండి. ఎంత పెద్దది ఉండాలో ప్రభుత్వ నియమావళిలో ఉంది, దాన్ని పాటించి తీరాలి. ఒక కొస 32 డిగ్రీల దాకా వెచ్చగా, రెండో కొస చల్లగా ఉండాలి. వేడి దీపానికి థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) తప్పనిసరిగా పెట్టండి. రెండు కొసల్లోనూ దాక్కునే చోటు ఉండాలి. మూతకు గట్టి గడియ ఉండాలి, వేలు దూరే సందున్నా ఇవి జారుకుంటాయి. కుబుసం విడిచే ముందు కళ్లు పాలనీలంగా మారతాయి. ఆ రోజుల్లో చేతిలోకి తీసుకోకండి, దానికి సరిగా కనపడదు, బెదురుతుంది.

కొనేటప్పుడు అమ్మేవాళ్ల లైసెన్స్ నంబర్ అడిగి రాసుకోండి, మీదీ ఇవ్వండి. పాము ఎప్పుడు, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో, ఎవరికి ఇచ్చారో, చనిపోతే ఆ సంగతీ రికార్డులో ఉండాలి. చాలామంది అశ్రద్ధ చేసేది ఇక్కడే. అడవిలో దొరికినదాన్ని ఇంటికి తేవడం నేరం. కార్న్ స్నేక్, బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములు ఎవరు తెచ్చిస్తామన్నా వద్దనండి, వాటిని ఇంట్లో పెంచడానికి ఇక్కడ అనుమతే లేదు.

అడవిలో దూరం నుంచి చూడటానికి మాత్రం లైసెన్స్ అక్కర్లేదు. ఆస్ట్రేలియా ఉత్తరాన గుహల నోళ్ల దగ్గర చిల్డ్రన్స్ పైథాన్‌లు వేలాడుతూ, బయటికొచ్చే గబ్బిలాలను గాల్లోనే అందుకుంటాయి. పట్టుకోకుండా, కదిలించకుండా చూడండి.

ఉద్యోగం మారి మెల్‌బోర్న్ వెళ్తుంటే ఈ లైసెన్స్ అక్కడ చెల్లదు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రానిది వేరే చట్టం. పామును హద్దు దాటించే ముందే అక్కడి లైసెన్స్, తరలింపు అనుమతి చూసుకోవాలి. ఇండియాకు తిరిగొచ్చేస్తే దాన్ని వెంట తెచ్చుకోవడం కుదరదు. ఇరవై ఏళ్లు బతకగల జీవి ఇది, అప్పుడు దాన్ని లైసెన్స్ ఉన్న ఎవరి చేతిలో పెడతారో దరఖాస్తు నింపే రోజే ఆలోచించుకోండి.