ఇంట్లోనే అక్వేరియం సంప్ – 3వ పాఠం: పంపు ఆగితే నీళ్లు ఎక్కడికి?

ట్యాంకు నీళ్లు పొర్లి కిందికి దిగే దారి, అంటే ఓవర్‌ఫ్లో ఎక్కడ పెట్టాలో, ఆ నీళ్లను శుభ్రపరిచి పంపుతో మళ్లీ పైకి పంపే కింది తొట్టికి, అంటే సంప్‌కు ఎలాంటి పాత గాజు తొట్టి పనికొస్తుందో గత రెండు పాఠాల్లో చూశాం. ఇప్పుడు సంప్‌ను గదులుగా విడదీసే అడ్డు అద్దాలు, అంటే బాఫిల్స్ నిలబెట్టాలి. కానీ అద్దం కోయించే ముందు ఒక లెక్క వేసుకోండి. మొత్తం పనిలో నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది ఈ లెక్కే. నీటిని వడకట్టే మీడియా ఏది వాడాలి, పంపు ఎంతది కావాలి అని చాలామంది తెగ ఆలోచిస్తారు. కరెంటు పోతే పైనున్న నీళ్లు ఏమవుతాయన్నది మాత్రం నేల తడిశాకే గుర్తొస్తుంది.

పంపు ఆగగానే ఓవర్‌ఫ్లో అంచుకు పైనున్న నీళ్లన్నీ కిందికి దిగుతాయి. పంపు నుంచి నీళ్లను పైకి తెచ్చే రిటర్న్ పైపు మూతి నీళ్లలో మునిగి ఉంటే అది సైఫన్ అయిపోయి, మూతికి గాలి తగిలేదాకా ట్యాంకు నీళ్లను వెనక్కి లాగుతూనే ఉంటుంది. కాబట్టి మూతి ఎంత లోతులో ఉంటే అంత నీరు సంప్‌లోకి వస్తుంది.

మన ట్యాంకు పొడవు 180, వెడల్పు 60 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్క సెంటీమీటరు మట్టం తగ్గితే 10.8 లీటర్లు దిగినట్టు. మూతి 3 సెంటీమీటర్ల లోతులో ఉంటే 32.4 లీటర్లు. పైపుల్లో, ఓవర్‌ఫ్లో డబ్బాలో ఉండేది కూడా కలిపి 36 అనుకోండి. సంప్ 90 పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు అయితే దానిలో సెంటీమీటరుకు 3.6 లీటర్లు. అంటే సంప్‌లో మట్టం 10 సెంటీమీటర్లు పెరుగుతుంది. మీడియా కూడా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే పెరుగుతుంది. అందుకే నీరు మీదుగా పొర్లే బాఫిల్స్ ఎత్తు 25 దాటకూడదు. పైన మిగిలే ఖాళీ వృథా కాదు, ఇల్లు తడవకుండా కాపాడేది అదే.

నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ పెడితే సరిపోదా అంటారేమో. దానిలో నత్త గుల్లో, చెత్తో ఇరుక్కుంటే మూసుకోదు. రిటర్న్ పైపుకు నీటి మట్టం కిందే చిన్న రంధ్రం వేయడం మంచి పద్ధతే, మట్టం తగ్గగానే గాలి లోపలికి వెళ్లి సైఫన్ తెగిపోతుంది. కానీ పాచి పట్టి ఆ రంధ్రం కూడా పూడుతుంది. రెండూ పెట్టుకోండి, లెక్క మాత్రం అవి లేవనుకునే వేయండి.

ఇప్పుడు ఇదే ప్రమాదాన్ని ఎదురు వైపు నుంచి చూద్దాం. ఓవర్‌ఫ్లోకు ఆకు అడ్డుపడి నీళ్లు దిగడం ఆగిపోయిందనుకోండి. పంపు మాత్రం తన గదిలోని నీళ్లన్నీ పైకి తోసేస్తుంది. పంపు గది పొడవు 25, వెడల్పు 40, నీటి ఎత్తు 20 అయితే 20 లీటర్లు. ట్యాంకులో మట్టం దాదాపు 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. పైఅంచు దగ్గర అంతకంటే ఎక్కువ ఖాళీ ఉందా? లేకపోతే పంపు గదిని చిన్నది చేయండి. మరీ చిన్నదైతే ఇంకో చిక్కు: ఆవిరయ్యే నీళ్లు తగ్గినట్టు కనిపించేది ఈ గదిలోనే. మట్టం పడిపోతే పంపు ఖాళీగా తిరిగి పాడవుతుంది.

పంపు గదికి ముందు మూడు అద్దాలు దగ్గరదగ్గరగా, 3 సెంటీమీటర్ల ఎడంతో వస్తాయి. మొదటిదీ మూడోదీ అడుగుకు ఆనాలి. మధ్యది అడుగు నుంచి 3 సెంటీమీటర్లు పైకి ఉండి, దాని తల నీటిమట్టం దాటాలి. నీరు మొదటి అద్దం మీదుగా దూకి, మధ్యదాని కిందుగా పోయి, మూడోదాని మీదుగా పంపు చేరుతుంది. ఈ దారిలో బుడగలు పైకి తేలి విడిపోతాయి, పంపులోకి వెళ్లవు. మూడోదాన్ని 23 ఎత్తుకు కోయిస్తే నీరు సాఫీగా జారుతుంది.

అద్దం వెడల్పు 40 కాదు, 39.4 చెప్పండి, రెండు పక్కలా సిలికాన్‌కు చోటు కావాలి. బూజు పట్టకుండా మందు కలిపిన బాత్‌రూమ్ సిలికాన్ వద్దే వద్దు, చేపలకు విషం. అక్వేరియానికి పనికొస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి. కనీసం 48 గంటలు ఆరనివ్వండి. వెనిగర్ లాంటి వాసన ఇంకా వస్తుంటే మరికొంత ఆగండి. బాఫిల్ పక్కనుంచి కాస్త నీరు కారినా ఫరవాలేదు, బయటి గోడలు మాత్రం చుక్క కూడా కారకూడదు.

చేపలు వేయకముందే నీళ్లు నింపి పంపు నడపండి. మట్టాలు కుదురుకున్నాక ప్లగ్ తీసేసి, నీళ్లు దిగడం పూర్తిగా ఆగేదాకా పక్కనే ఉండి చూడండి. సంప్ అంచుకు కనీసం 3 సెంటీమీటర్లు ఖాళీ మిగిలితే, పంపు మళ్లీ నడిపి దాని గదిలో నిలిచిన మట్టం దగ్గర బయట టేపు అంటించండి. ఇకపై ఆ గీత దాటి నీళ్లు పోయకూడదు. వచ్చే పాఠంలో మీడియా గది నింపుదాం. ఈలోగా మీ ట్యాంకు కొలతలతో ఈ రెండు లెక్కలూ కాగితం మీద వేసి పెట్టుకోండి.