స్కానర్ మొదటి అంకెలు మింగడం, మూత తెరిస్తే వై-ఫై మాయం: లినక్స్‌లో నిద్ర, మెలకువల తిప్పలు

సమస్య: బార్‌కోడ్ స్కానర్ కాసేపు ఖాళీగా ఉంటే, తర్వాత కొట్టిన మొదటి కోడ్‌లో ముందు అంకెలు రావు. రెండోది సరిగ్గానే వస్తుంది.

వరంగల్, హనుమకొండ షాపుల్లో పాత కంప్యూటర్‌కి లినక్స్ ఎక్కించి బిల్లింగ్ నడిపేవాళ్లు కేబుల్ మార్చే ముందు ఇది చూడండి. యూఎస్‌బీ పరికరం 2 సెకన్లు ఖాళీగా ఉంటే కెర్నెల్ (లినక్స్‌లో పరికరాలను నడిపే ప్రధాన భాగం) దాన్ని నిద్రపుచ్చగలదు. లేచేలోపు వచ్చిన అక్షరాలు కొన్ని స్కానర్లలో పోతాయి. మామూలుగా కెర్నెల్ వీటి జోలికి పోదు. కరెంటు ఆదా అవుతుందని ఎవరో పవర్‌టాప్ అనే టూల్‌లో ఆటోట్యూన్ (ఆదా సెట్టింగులన్నీ ఒకేసారి పెట్టేది) కొట్టి ఉంటారు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (పరికరాల సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే /sys ఫోల్డర్) ఆ స్కానర్ పవర్ ఫోల్డర్‌కి వెళ్లి, కంట్రోల్ ఫైల్లో ‘ఆటో’ తీసి ‘ఆన్’ రాయండి. రీబూట్ తర్వాతా నిలవాలంటే యూడెవ్ రూల్ (పరికరం కనబడగానే ఆ సెట్టింగ్ తనే పెట్టే ఆదేశం) పెట్టాలి.

సమస్య: కరెంటు పోయిందని మూత మూసిన ల్యాప్‌టాప్‌ని మళ్లీ తెరిస్తే వై-ఫై ఉండదు. రీస్టార్ట్ చేస్తేనే వస్తుంది.

కెర్నెల్ లాగ్ చూడండి. డీ3కోల్డ్ నుంచి డీ0కి మార్చలేకపోయానని, పరికరం అందడం లేదని ఒక లైను ఉంటే దారి దొరికినట్టే. డీ0 అంటే పూర్తి మెలకువ. డీ3హాట్‌లో పరికరం నిద్రపోయినా కరెంటు అందుతుంటుంది, డీ3కోల్డ్‌లో అసలు కరెంటే ఉండదు. పీసీఐ (వై-ఫై కార్డులాంటివి కంప్యూటర్‌కి కలిసే పద్ధతి) నియమం ప్రకారం డీ3హాట్ నుంచి లేపాక 10 మిల్లీసెకన్లు, డీ3కోల్డ్ నుంచైతే కనీసం 100 మిల్లీసెకన్లు ఆగి, ఆ తర్వాతే పలకరించాలి. కెర్నెల్ అంతసేపూ ఆగుతుంది. చిక్కల్లా కొన్ని చిప్‌లకు ఆ గడువు చాలకపోవడం, కొన్ని బయోస్‌లు (మదర్‌బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) కరెంటు సరిగ్గా తిరిగివ్వకపోవడం. జవాబు రాకపోతే చదివిన ప్రతి బిట్టూ 1 అనే వస్తుంది, దాంతో కెర్నెల్ పరికరమే లేదనుకుంటుంది.

ముందు బయోస్, తర్వాత కెర్నెల్ అప్‌డేట్ చేయండి. ఇలాంటి చిప్‌ల కోసం కెర్నెల్‌లో విడిగా సవరణలు ఉంటాయి. కొన్ని ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ల యూఎస్‌బీ కంట్రోలర్లకు 10 మిల్లీసెకన్ల గడువును 20 చేసింది అలాగే. అప్పటికీ కుదరకపోతే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ ఒక్క కార్డుకే డీ3కోల్డ్-అలౌడ్ ఫైల్లో 0 రాయండి. నిద్రలో బ్యాటరీ కాస్త ఎక్కువ తింటుంది, తప్పదు. పవర్ మేనేజ్‌మెంట్ మొత్తం ఆపేయమనే సలహా మాత్రం వినకండి.

సమస్య: అన్నీ లేస్తాయి, కానీ నెమ్మదిగా.

సిస్‌ఎఫ్‌ఎస్ పవర్ ఫోల్డర్‌లోని పీఎం-ప్రింట్-టైమ్స్ ఫైల్‌ని 1 చేసి నిద్రపుచ్చి లేపితే, ఏ పరికరం ఎంతసేపు తీసుకుందో లాగ్‌లో పడుతుంది. ఆలస్యం చేసిన పరికరం డ్రైవర్ (దాన్ని నడిపే ప్రోగ్రామ్) మీరు రాసిందే అయితే (నిట్, కేయూ ప్రాజెక్టు పిల్లలూ, మీకే) ఎంస్లీప్ (ఇన్ని మిల్లీసెకన్లు ఆగమనే ఫంక్షన్) పిలుపులు వెతకండి. 1 మిల్లీసెకను అడిగినా 20 దాకా పట్టొచ్చు. చిప్ రిజిస్టర్లను (సెట్టింగులు ఉండే చోట్లు) ఒకదాని తర్వాత ఒకటి రాసే వరుసలో ఇది పదేపదే వస్తే ఆలస్యం పేరుకుపోతుంది. 20 మిల్లీసెకన్ల లోపు విరామాలకు యూస్లీప్-రేంజ్ వాడండి.