విత్తనం నుంచి మిరప: నారు పోయడం మొదలు కాయ కోసే వరకు

మిరప పెంపకంలో ఫలితం చాలావరకు మొదటి నెలన్నర రోజుల్లోనే తేలిపోతుంది. కుండీలో నిలదొక్కుకున్న మొక్క కాస్త అశ్రద్ధను ఓర్చుకుంటుంది గానీ, మొలక దశలో నాలుగు రోజులు నీరు ఎక్కువైనా, వెలుతురు తక్కువైనా ఆ లోటును తర్వాత వేసే ఏ ఎరువూ పూడ్చలేదు. అందుకే ఇక్కడ నారు పెంచే పద్ధతినే కొంచెం విస్తారంగా వివరిస్తున్నాను.

విత్తనం కొనుక్కోవచ్చు, పండిన కాయ నుంచి తీసుకోనూవచ్చు. పచ్చికాయలోని గింజలు పూర్తిగా ముదరవు కాబట్టి సరిగా మొలవవు. మొక్క మీదే పండి, రంగు పూర్తిగా మారిన కాయనే ఎంచుకోవాలి. ఎండుమిరపకాయల గింజలు కూడా, ఆ కాయలను ఎండలోనే ఆరబెట్టి ఉంటే, చాలాసార్లు మొలుస్తాయి. యంత్రాల్లో అధిక వేడికి ఎండబెట్టిన కాయల మీద మాత్రం ఆశ పెట్టుకోనక్కర్లేదు. హైబ్రిడ్ కాయల గింజలు మొలిచినా, వాటి మొక్కలు తల్లి మొక్కలాగే కాస్తాయన్న భరోసా లేదు. పొడిగా, చల్లగా దాచిన విత్తనం రెండు మూడేళ్లు బాగానే పనికొస్తుంది, ఆ తర్వాత మొలక శాతం పడిపోతూ వస్తుంది. పాత విత్తనం మీద అనుమానం ఉంటే పది గింజలను తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట ఉంచితే, రెండు వారాల్లో ఎన్ని మొలకెత్తాయో చూసి ఎంత ఎక్కువ వేయాలో నిర్ణయించుకోవచ్చు.

విత్తే ముందు గింజలను గోరువెచ్చని నీటిలో ఒక రాత్రి నానబెడితే మొలక కొంత త్వరగా వస్తుంది. నారుకు తోటమట్టి వాడకపోవడం మంచిది, ఎందుకంటే అది నీటికి గట్టిపడుతుంది, పైగా తెగుళ్లను వెంట తెస్తుంది. బాగా కడిగి ఉప్పదనం పోగొట్టిన కొబ్బరి పొట్టులో మూడో వంతు వర్మీకంపోస్టు కలిపితే సరిపోతుంది. ప్రోట్రేలు (చిన్న చిన్న గడులున్న నారు ట్రేలు) లేకపోతే అడుగున రంధ్రాలు చేసిన ఏ చిన్న కప్పయినా చాలు. రంధ్రాలు మాత్రం తప్పనిసరి. ఒక్కో గడిలో రెండు గింజలను అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు లోతులో వేసి, పైన పలుచగా పొట్టు కప్పి, నీటిని తుంపరగా చల్లాలి. రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని పీకకుండా కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించాలి. పీకితే పక్కదాని వేళ్లు కదిలిపోతాయి.

మొలకెత్తడానికి మిరపకు కావలసింది వెచ్చదనం. మట్టి 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే సాధారణ రకాలు 7 నుంచి 14 రోజుల్లో మొలుస్తాయి, హబనేరో వంటి అతి ఘాటు రకాలకు మూడు నాలుగు వారాలు కూడా పట్టవచ్చు. 15 డిగ్రీలకు దిగువన మొలక దాదాపు నిలిచిపోతుంది, తడి మట్టిలో అలాగే ఉండిపోయిన గింజ కుళ్లిపోతుంది. మొలిచే వరకు ట్రేను పలుచని ప్లాస్టిక్ కాగితంతో కప్పి వెచ్చని చోట ఉంచవచ్చు, అప్పటికి వెలుతురుతో పనిలేదు. మొదటి మొలక తల ఎత్తిన రోజే కప్పు తీసేసి, ట్రేను బాగా వెలుతురు పడే చోటికి మార్చాలి. ఈ ఒక్క పని ఆలస్యమైతే కాడలు సన్నగా, పొడవుగా సాగి, ఆకుల బరువుకే వాలిపోతాయి.

కొన్ని మొలకలు విత్తనపు పెంకును తల మీద మోసుకొని పైకి వస్తాయి. బీజదళాలు, అంటే గింజలోంచి మొదట వచ్చే రెండు ఆకులు, ఆ పెంకులోనే చిక్కుకొని విప్పుకోలేకపోతాయి. తొందరపడి గోటితో లాగితే ఆకులు పెంకుతోపాటే తెగివస్తాయి. ఉదయం, సాయంత్రం పెంకు మీద ఒక్కో నీటిచుక్క వేస్తూ ఉంటే ఒకటి రెండు రోజుల్లో అది మెత్తబడి, చాలావరకు దానంతటదే రాలిపోతుంది.

నారుకు నీటి కొరత కన్నా అతినీరే ఎక్కువ ముప్పు. నిన్నటి వరకు నిటారుగా ఉన్న మొలక నేలను తాకే చోట గోధుమరంగుకు తిరిగి, దారంలా సన్నబడి, ఒరిగిపోయిందంటే అది నారుకుళ్లు తెగులు. తడి ఆరని మట్టిలో పెరిగే శిలీంధ్రాల వంటి సూక్ష్మజీవులు దీనికి కారణం. ఒరిగిన మొక్కను బతికించడం సాధ్యం కాదు, దాన్ని వెంటనే తీసేసి మిగిలినవాటికి గాలి తగిలేలా చూడాలి. మట్టి పైపొర రంగు తేలి, వేలితో తాకితే పొడిగా అనిపించినప్పుడే నీరివ్వాలి. ట్రేను నీళ్ల పళ్లెంలో పావుగంట ఉంచి, అడుగు నుంచి తడి పీల్చుకోనిచ్చి తీసేయడం నా దృష్టిలో అన్నిటికన్నా మేలైన పద్ధతి, ఎందుకంటే కాడ మొదలు పొడిగానే ఉంటుంది.

నాలుగు నుంచి ఆరు అసలు ఆకులు వచ్చాక, అంటే సుమారు 30 నుంచి 45 రోజులకు, నారు నాటడానికి సిద్ధమవుతుంది. నీడలో పెరిగిన నారును ఒకేసారి ఎండలో పెడితే ఆకులు తెల్లబారి మాడిపోతాయి. వారం పది రోజులపాటు మొదట ఉదయపు ఎండలో గంటసేపు, ఆపై రోజుకు కొంత చొప్పున పెంచుతూ అలవాటు చేయాలి. ఒక్కో మొక్కకు 10 నుంచి 15 లీటర్ల కుండీ ఇచ్చి, మట్టిలో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు లేదా కంపోస్టు కలిపి, సాయంత్రం పూట వేళ్లు కదలకుండా మట్టిగడ్డతో సహా నాటాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడే చోటు చూడాలి. మొక్క 20 సెంటీమీటర్ల ఎత్తుకు చేరాక తల తుంచితే పూత కొంత ఆలస్యమవుతుంది గానీ, పక్క కొమ్మలు వచ్చి మొక్క గుబురుగా తయారవుతుంది.

ఏపుగా పెరిగి పూయని మొక్కకు సాధారణంగా నత్రజని ఎక్కువై ఉంటుంది. మొగ్గ కనిపించినప్పటి నుంచి నత్రజని తగ్గించి పొటాష్ ఉన్న ఎరువు ఇవ్వాలి. పూత రాలితే ముందుగా వాతావరణాన్ని గమనించాలి: పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి బాగా చల్లబడినా మిరప పూలు రాల్చుకుంటుంది, ఆ రోజులు గడిస్తే మళ్లీ పూస్తుంది. పూవులోనే ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి కాబట్టి, గాలి సోకని చోట పెంచేవారు మధ్యాహ్నానికి ముందు కొమ్మను మెల్లగా తడితే చాలు. కాయ అడుగున నల్లని, లోతుకు దిగిన మచ్చ కనబడితే తెగులు అనుకొని మందు కొట్టకూడదు. నీరు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు అసలే లేకుండా ఇవ్వడం వల్ల కాయకు కాల్షియం అందకపోవడమే దానికి ముఖ్య కారణం.

ఆకుముడత వచ్చినప్పుడు ఆకును తిప్పి చూడాలి. అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకొని బోర్లించిన పడవలా మారితే నల్లి (ఆకు రసం పీల్చే అతి చిన్న జీవి). లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగు భాగం తడిసేలా వారానికోసారి చల్లితే ఈ రెండూ, పేనుబంక కూడా, తొలిదశలో అదుపులోకి వస్తాయి. చిగుళ్లు చిన్నవై, గిడసబారి, ఆకులు పసుపు పచ్చగా మెలికలు తిరిగితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ కావచ్చు. దానికి మందు లేదు, ఆ మొక్కను తీసేయడమే మిగిలినవాటికి రక్ష.

నాటిన రెండు మూడు నెలల్లో కాయలు కోతకు వస్తాయి. పచ్చికాయలను తరచుగా కోస్తుంటే పూత కొనసాగుతుంది, పండేదాకా వదిలితే మొక్క ఆ కాయల మీదే శక్తి ఖర్చుపెడుతుంది. కొమ్మ విరగకుండా తొడిమతో సహా కత్తెరతో కోయాలి. విత్తనానికి ఉంచదలచిన కాయ విషయంలో, పూవు విచ్చక ముందే మొగ్గకు పలుచని గుడ్డసంచి కట్టి, పిందె పడ్డాక గుర్తుగా దారం కట్టి సంచి తీసేస్తే, పక్కనున్న వేరే రకం పుప్పొడి కలవదు. గింజలు తీసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి, ఎందుకంటే గింజలు అంటుకొని ఉండే తెల్లని కండలోనే ఘాటు చాలావరకు ఉంటుంది, అది నీటిలో కరగదు. చేతికి అంటితే ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. తీసిన గింజలను నీడలో వారం రోజులు ఆరబెట్టి, కాగితపు పొట్లంలో కట్టి, పైన రకం పేరు, సంవత్సరం రాసి దాచాలి.