సేఫ్టీ బహుమతులు పెట్టినా సైటులో దెబ్బలు తగ్గట్లేదా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం చుట్టుపక్కల బిల్డింగు సైట్లలో పదేళ్ళుగా సూపర్‌వైజర్ పని చేస్తున్నాను. మా దగ్గర ఒకే స్లాబ్ మీద పార్వతీపురం నుంచి వచ్చిన రాడ్ బెండర్లు, స్లాబ్ కింద చెక్కలు బిగించే ఒడియా సెంట్రింగ్ వాళ్ళు, గిరిజన భాష కుయి మాట్లాడే కూలీలు ఉంటారు. బహుమతుల స్కీము ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో చెప్తాను, ఎందుకంటే వీటిలో చాలావరకు నేను చేసిన తప్పులే.

సమస్య: రిజిస్టరులో ప్రమాదాలు సున్నా, కానీ పక్క మెడికల్ షాపులో మన సైటు వాళ్ళే కట్లు కట్టించుకుంటున్నారు.

కారణం: "నెలంతా ప్రమాదం జరక్కపోతే గ్యాంగు మొత్తానికి బహుమతి" అని పెట్టి ఉంటారు. నేనూ అదే పెట్టాను, మనిషికో ప్రెషర్ కుక్కర్ అని. నెలాఖరుకి నాలుగు రోజులుందనగా ఒక కుర్రాడి కాల్లో సెంట్రింగ్ చెక్క మేకు దిగింది. "నాలుగు రోజులు ఓర్చుకోరా, అందరి కుక్కర్లూ పోతాయి" అన్నాడట మేస్త్రీ. వాడు టీటీ ఇంజెక్షన్ కూడా వేయించుకోకుండా కుంటుతూ ఇటుకలు మోశాడు, కాలు వాచి చెప్పు పట్టకపోయేసరికి గానీ నాకు తెలియలేదు. మేస్త్రీని తిట్టబోయాను గానీ, ఆ రూలు రాసింది నేనే కదా.

పరిష్కారం: దెబ్బ తగల్లేదని కాదు, తగలకుండా చేసిన పనికి బహుమతి ఇవ్వండి. లిఫ్ట్ గుంత మీద చెక్క లేదని చెప్పినవాడికి, పైనుంచి స్లాబ్‌కి ఆసరాగా పెట్టే జాకీ జారి పక్కన పడింది, తృటిలో తప్పింది అని వచ్చి చెప్పినవాడికి ఆరోజే ఇవ్వాలి. చెప్పిన లోపం మర్నాటికల్లా సరిచేయకపోతే మాత్రం, మీరు కుక్కర్ కాదు ఫ్రిజ్ ఇచ్చినా ఇంకెవడూ నోరు విప్పడు. అమెరికాలో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా కూడా 2018లో ఇదే చెప్పింది, ముప్పు గురించి చెప్పినవాడికి బహుమతి ఇవ్వడంలో తప్పే లేదు, ప్రమాదాల లెక్క మీద ఇచ్చేదైతే దెబ్బలు దాచుకునే పరిస్థితి రాకుండా చూసుకోవాలి అని. ఇక మన 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనూ, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన కార్మిక భద్రతా కోడ్‌లోనూ, దెబ్బ తగిలి 48 గంటలు పనికి రాలేకపోతే అధికారులకు తెలపాలని ఉంది, కాబట్టి దాచిన దెబ్బ రేపు మీ మెడకే చుట్టుకుంటుంది.

సమస్య: ఎత్తులో పడిపోకుండా కట్టుకునే సేఫ్టీ బెల్టు అందరూ వేసుకుంటున్నారు, హుక్ మాత్రం నడుము దగ్గర వేలాడుతోంది.

కారణం: బెల్టు వేసుకుంటే చాలు, బహుమతికి పాయింటు పడుతోంది. పైగా మీరు రోజూ పదింటికే రౌండుకి వస్తారని అందరికీ తెలుసు.

పరిష్కారం: వేళాపాళా లేకుండా వెళ్ళండి, హుక్ తగిలించి ఉంటేనే పాయింటు. అన్నట్టు, తగిలించడానికి తల పైన తాడో పైపో అసలు కట్టించారా? అది లేకుండా పోటీ పెట్టడం దండగ.

సమస్య: ప్రతిసారీ మేస్త్రీ బావమరిదికే బహుమతి. కారణం చెప్పక్కర్లేదు. పేర్లు రాసే పని పక్క గ్యాంగు వాళ్ళకివ్వండి, అందరి ముందూ చీటీ తీయండి.

సమస్య: మొదటి నెల హుషారు, తర్వాత ఎవరూ పట్టించుకోరు.

కారణం: బహుమతి సెప్టెంబరులో వచ్చే విశ్వకర్మ పూజకో, మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవానికో ఇస్తామంటారు. సగం మంది వరినాట్లకే ఊరెళ్ళిపోతే, సెప్టెంబరు బహుమతి ఎవరికి కావాలి?

పరిష్కారం: చిన్నదైనా సరే, వారం కూలి ఇచ్చే రోజే ఇచ్చేయండి. ఏం కావాలో వాళ్ళనే అడగండి. కుక్కర్ అనుకున్నది నేను, వాళ్ళు అడిగింది ఫోన్ రీచార్జ్, వానాకాలంలో టార్పాలిన్. రూలు కూడా బోర్డు మీద ఇంగ్లీషులో రాసి వదిలేయకండి, తెలుగులో, ఒడియాలో రాయించి, కుయి వాళ్ళకి వాళ్ళ మనిషి చేతే పొద్దున్న హాజరు వేసేటప్పుడు నోటితో చెప్పించండి.