ఊయలలో చలికాలపు నిద్ర – మూడో పాఠం: వీపుకు చలి ఎందుకు?

పోయిన పాఠం చదివి గండికోట వైపు వెళ్లి ఊయల కట్టుకున్నవారు రాసింది దాదాపు ఒకటే: "కింద రెండు దుప్పట్లు పరుచుకున్నాం, పైన రెండు కప్పుకున్నాం, అయినా తెల్లవారుజామున వీపు గడ్డకట్టింది." తప్పు సగం నాది. కింద దుప్పటి ఉండాలని రాశానే గాని, కింద అంటే ఎక్కడో చెప్పలేదు. ముడులు మీకు వచ్చేశాయి కాబట్టి ఈసారి అంతా వీపు సంగతే.

కింద అంటే ఊయల బట్టకు వెలుపల!

దుప్పటిలో వెచ్చదనాన్ని ఆపేది పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. దూది ఏకించి కుట్టించిన పరుపు మొదటి ఏడాది ఎంత వెచ్చగా ఉంటుంది! అయిదేళ్లకు అదే పరుపు చల్లగా తగులుతుంది. దూది ఎక్కడికీ పోలేదు, అణిగింది. ఊయలలో పరిచిన దుప్పటికి ఆ గతి అయిదు నిమిషాల్లో పడుతుంది. కంబళ్లు నాలుగు పరిచినా మీ బరువుకు అణిగేవే. స్లీపింగ్ బ్యాగు ఎంత ఖరీదైనదైనా వీపు కింది సగం అంతే. పైగా ఊయల కింద నేల లేదు, గాలి ఆడుతుంది. మే నెలలో చింతచెట్టు కింద మనకు హాయినిచ్చిన ఆ గాలే డిసెంబరులో ఒంట్లో వేడిని లాక్కుపోతుంది. ఇంత చెప్పాక కూడా "మూడో దుప్పటి పరిస్తే?" అని అడగకండి.

బొంతను ఊయల కింద రెండో ఊయలలా వేలాడదీయండి. నాలుగు మూలలకు తాళ్లు, తాళ్ల చివర సైకిల్ ట్యూబు ముక్కలు కట్టండి. మీరు కదిలినప్పుడు బొంత కూడా సాగుతూ వస్తుంది. తల వైపు, కాళ్ల వైపు అంచులు కుచ్చులా దగ్గరకు లాగి గాలి దూరకుండా మూయండి. మీరు పడుకున్నాక పక్కవారు రెండు బట్టల మధ్య అరచెయ్యి పెట్టి చూడాలి. పిడికిలి పట్టేంత ఖాళీ ఉంటే వదులు, వేళ్లు ఇరుక్కుంటే బిగువు. బిగిస్తే మళ్లీ అణిగినట్లే.

నాది పాత చీరల బొంత, బరువెక్కువ. నడిచి వెళ్లేవారు పాలిస్టర్ దూది బొంత కుట్టించుకోవచ్చు. ట్రెక్కింగ్ ఫోము చాప అంతగా అణగదు కాబట్టి ఊయల లోపలే పరుచుకోవచ్చు. రాత్రంతా జారుతుంది, అందుకే నాకు నచ్చదు.

ఒకరు ఊయల కింద నిప్పుల కుంపటి పెట్టుకున్నారట. నైలాను కరుగుతుంది, అంటుకుంటుంది. వద్దు.

అభ్యాసం: పెరట్లోనో మిద్దె మీదో మూడు రాత్రులు, అవే బట్టలు, పైన అదే దుప్పటి. మొదటి రాత్రి కింద ఏమీ వద్దు. రెండో రాత్రి బొంత లోపల, మూడో రాత్రి వెలుపల. రోజూ నాలుగింటికి అలారం పెట్టుకుని, లేవకముందే నడుము కింద చెయ్యి పెట్టి చూసి, తోచింది పుస్తకంలో రాయండి. టార్పాలిన్ కట్టడం, ఈశాన్యపు గాలికి అడ్డం వేయడం నాలుగో పాఠంలో ఉన్నాయి. ఆ మూడు రాతలు లేనివారు దాన్ని తెరవకండి.